వెర్న్ హుడాక్ రేకు ఓడ

వెర్న్ హుడాక్ ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు గాలికి దారులు వేశాడు. ఇదేదో యోగవిద్య అనుకోనక్కర్లేదు. బళ్ళలో, ఆసుపత్రుల్లో, జిల్లా జైల్లో, రెండు చర్చీల్లో, చలికాలం వేడిగాలినీ ఎండాకాలం చల్లగాలినీ గదిగదికీ మోసుకెళ్ళే రేకు గొట్టాలు చేసి పైకప్పు కింద వేలాడదీశాడు. ఆయన పని ముగించిన వారానికి ఇంకెవరో వచ్చి వాటి కింద తెల్లటి పలకలు పేర్చి అందమైన సీలింగు వేసేవాళ్ళు. ఆ తర్వాత ఆ పనితనాన్ని చూసే భాగ్యం ఎలుకలకే దక్కేది. మా ఊరు కోల్టర్స్ రన్‌లో ఆయన పంపిన గాలి పీల్చనివాడు లేడు, ఆయన మడిచిన రేకు చూసినవాడూ లేడు.

ఆ రేకుని ఊరు ఊరంతా టికెట్టు కొనుక్కుని చూసిన ఏడాది సంగతి ఇది.

వెర్న్ పుట్టుకతో కాథలిక్కే గాని, ఆచరణలో ఆయన మతం డ్రాయింగు. ఇంజనీరు కాగితం మీద ఏం గీస్తే అది చేసేవాడు. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు. వెనకటికి మా ఊరి హైస్కూలుకి కొత్త వ్యాయామశాల కడుతున్నప్పుడు, డ్రాయింగులో ఒక పెద్ద గొట్టం మలుపు తిరిగి నేరుగా వెళ్ళి ఇటుక గోడకి తగిలి ఆగిపోయింది. వెర్న్ ఆ గొట్టాన్ని చక్కగా చేసి, మలుపు తిప్పి, ఇటుక గోడకి ఆనించి, చుట్టూ గాలి పోకుండా జిగురు పూసి మరీ వచ్చాడు. జనవరిలో పిల్లలు చేతి తొడుగులతో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే మేస్త్రీ నిచ్చెనెక్కి చూసి కిందకి దిగి, గోడ కనపడలేదా అని అడిగాడట. కనపడింది అన్నాడు వెర్న్. మరి? డ్రాయింగులో ఉంది అన్నాడు. ఆ గొట్టం ఇప్పటికీ అక్కడే ఉంది. జిల్లా మొత్తం మీద అంత వెచ్చగా బతుకుతున్న ఇటుక ఇంకోటి ఉండదు.

ఆయన భార్య ఆర్లీన్ మాత్రం ఏ డ్రాయింగుకీ లొంగే మనిషి కాదు. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు మా దయ్యాల కొట్టం గురించి చెప్పాలి.

మా ఊళ్ళో మంటలార్పేది జీతం తీసుకునేవాళ్ళు కాదు, మేమే. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, పాల కేంద్రం లారీ నడిపేవాడు, నాలాంటి రిటైరైన చరిత్ర మేస్టరు, ఇలా ఓ పాతికమందిమి. సైరను మోగితే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెడతాం. మా దళానికి కావలసిన నీళ్ళ గొట్టాలూ బూట్లూ ఎవరూ ఊరికే ఇవ్వరు కాబట్టి, పదకొండు నెలలు జనాన్ని కాపాడి, దయ్యాల పండగొచ్చే అక్టోబరు నెలంతా శుక్ర శనివారాల్లో టికెట్టు పెట్టి వాళ్ళనే భయపెడతాం. దానికోసం ఊరి చివర ఒక పాత పశువుల కొట్టం ఉంది. ఒక రైతు వీలునామాలో మాకు రాసిచ్చాడు. ఏడాదికో కథ కడతాం: ఒకసారి కసాయి కొట్టు, ఒకసారి పిచ్చాసుపత్రి, ఒకసారి చిత్తడి అడవి. కథ ఏదైనా, గొలుసు తీసేసిన మోటారు రంపం పట్టుకుని చివరి మలుపులో అరిచేది నేనే. అంతరిక్షంలోనైనా సరే చివర్న రంపం ఉండి తీరాలని దళం తీర్మానం.

కొట్టం మధ్యలో ఒక పక్క తలుపుంది. లోపల భయం తట్టుకోలేనివాళ్ళు "చాలు" అంటే ఎవరో ఒక దయ్యం వేషం తీసి, చెయ్యి పట్టుకుని ఆ తలుపులోంచి బయటికి పంపిస్తుంది. దాని అసలు పేరు పిరికి తలుపు. కానీ ఆ పేరు ఎవరూ వాడగా నేను వినలేదు. ఆ తలుపు బయట బెంచీ మీద ఇరవై రెండేళ్ళు ఆర్లీన్ కూర్చుంది. అందుకని దాన్ని "ఆర్లీన్" అనే అనేవాళ్ళం. "ఇద్దర్ని ఆర్లీన్ దగ్గరికి పంపాను", "ఆర్లీన్ పక్క దీపం ఆరిపోయింది చూడు", ఇలా. కసాయి కొట్టు మారి ఆసుపత్రి వచ్చినా, ఆసుపత్రి మారి అడవి వచ్చినా ఆ తలుపు మారలేదు, ఆవిడా మారలేదు.

బయటికొచ్చినవాళ్ళకి ఆవిడ కాగితం గ్లాసులో వేడి ఆపిల్ రసం పోసిచ్చేది. అక్కడ ఆవిడ పెట్టిన నియమం ఒకటే: గ్లాసు ఖాళీ అయ్యేదాకా వాళ్ళని చూసి ఎవరూ నవ్వకూడదు. ఖాళీ అయ్యాక నవ్వొచ్చు. మొదట నవ్వేది ఆవిడే. తర్వాత గోడ మీది నల్లబల్లపై సుద్దముక్కతో మనిషికో గీత గీసేది. ఒకసారి పక్క ఊరి షెరీఫు దగ్గర పనిచేసే పోలీసు, ఆరడుగుల మూడంగుళాలవాడు, ఎనిమిదేళ్ళ కూతురితో లోపలికెళ్ళి ఆ పిల్లని అక్కడే వదిలేసి ఆర్లీన్ దగ్గర తేలాడు. ఆ పిల్ల చివరిదాకా నడిచి ముందు గుమ్మం నుంచి వచ్చింది. ఆయన కోసం ఆర్లీన్ గీత కాస్త పొడుగ్గా గీసింది.

ఈసారి అంతరిక్ష నౌక కట్టాలన్న మాట ఫిబ్రవరి సమావేశంలో వచ్చింది. దయ్యాలు అంతరిక్షంలో ఉంటాయా ఉండవా అని రెండు గంటలు వాదించుకున్నాం. నలుగురు ఉండవన్నారు. ఆర్లీన్ లేచి, మా ఇంటి నేలమాళిగలో ముప్ఫై ఎనిమిదేళ్ళ రేకు ముక్కలున్నాయి, దాంతో ఈయన నౌక కడితే నా నేలమాళిగ నాకొస్తుంది, కాబట్టి దయ్యాలు ఎక్కడైనా ఉంటాయి అంది. పదకొండు చేతులు లేచాయి. వెర్న్ చెయ్యి లేవలేదు, దిగలేదు. డ్రాయింగు ఎవరు గీస్తారని మాత్రం అడిగాడు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున ఆర్లీన్ నిద్ర లేవలేదు. గుండె అన్నారు. వెర్న్ కాఫీ పెట్టి రెండు కప్పుల్లో పోసి పిలిచాడట. సైరను మోగినప్పుడు మా దళం చీఫ్ రూడీ స్టోఫ్కోతో పాటు వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. మేం చెయ్యడానికేమీ లేదు. వెర్న్ మమ్మల్ని చూసి, బూట్లు తుడుచుకుని రండి, నిన్ననే ఆమె నేల తుడిచింది అన్నాడు. తుడుచుకున్నాం.

అంత్యక్రియల భోజనం మా దళం ఫైర్ హాల్లోనే పెట్టాం. తర్వాత రెండు వారాలు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆయనకి గిన్నెలతో వంటలు మోశారు. క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించిన హలుష్కీయే తొమ్మిది గిన్నెలొచ్చిందని లెక్క తేలింది. వెర్న్ వాటిని వచ్చిన వరసలో, వేడిచెయ్యకుండా, రోజుకింత అని తిని, గిన్నెలు తోమి, ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాడు. ఏడవలేదు. ఏడవకపోవడం గురించి ఊళ్ళో రెండు అభిప్రాయాలుండేవి. రెండూ ఆయన్ని అడిగి ఏర్పరచుకున్నవి కావు.

మే రెండో తారీఖున ఆయన తన లారీలో రేకు నింపుకుని కొట్టానికి వచ్చాడు. అప్పట్నుంచీ పొద్దున ఏడింటికి రావడం, పన్నెండింటికి అరగంట భోజనం, మూడున్నరకి పనిముట్లు తుడిచి వెళ్ళిపోవడం. రిటైరై మూడేళ్ళయినా కార్మిక సంఘం పనివేళలు ఆయన్ని వదల్లేదు. ఎవరైనా వెళ్ళి "ఎలా ఉన్నావు వెర్న్?" అని అడిగితే, "ఇరవై నాలుగు గేజి. పక్కలకి ఇరవై రెండు," అనేవాడు. రేకు మందం అది. అడిగినవాడు ఇంకేం అడగాలో తెలీక కాసేపు మేకులు అందించి వెళ్ళిపోయేవాడు.

డ్రాయింగు ఇచ్చింది బెర్నడెట్ కిష్. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ అన్నానే, ఆవిడే మా దళం కార్యదర్శి, ఆర్లీన్‌తో ఒకటో తరగతి నుంచీ కలిసి చదువుకున్న మనిషి. కొట్టం పటం ఒకటే ఉంది మాకు. మాంసం చుట్టే గోధుమరంగు కాగితం మీద ఇరవై రెండేళ్ళ కిందట గీసింది. ఏటేటా దాని మీదే చెరిపి, తెల్ల రంగు పూసి, కొత్త గోడలు గీస్తాం. బెర్నడెట్ దాని మీద నౌక ఆకారం గీసి వెర్న్ చేతికిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మేకులతో దూలానికి కొట్టి పని మొదలుపెట్టాడు.

ఆ నౌక ముప్ఫై రెండడుగుల పొడవు. జనం తోకలోంచి ఎక్కి కడుపులోంచి నడిచి ముక్కులోంచి దిగాలి. ముక్కు, మూతపడ్డ బడి వంటగదిలో పొగపీల్చే పెద్ద రేకు గొడుగు. కిటికీలు బట్టలుతికే యంత్రాల గుండ్రటి తలుపులు. గోడల మీద మీటల పలక ఆసుపత్రిలో పీకేసిన లిఫ్టుది. ఎక్కడ నొక్కినా ఏదో ఒక దీపం వెలిగేది, ఎక్కడికీ వెళ్ళేది కాదు. గొట్టం మీద గాలి ఎటు పోతోందో బాణం గుర్తు వెయ్యాలన్నది ఆ వృత్తిలో చట్టం కాబట్టి వెర్న్ లోపలా బయటా అన్ని గొట్టాల మీదా బాణాలు వేశాడు. గాలి లేదు కదా అంటే, ఉంటే అటే పోతుంది అన్నాడు. మడతల దగ్గర గోరు దూరేంత సందు కూడా లేదు. చీఫ్ రూడీ, వెర్న్‌తో కలిసి హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు, ఒకరోజు ఓడ చుట్టూ తిరిగి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏరా, ఇది చంద్రుడి మీదకి పోతుందా, జిల్లా జైలుకా? నాకు తేడా తెలీట్లేదు."

"జైలు గొట్టాలే," అన్నాడు వెర్న్. "మిగిలినవి."

కడుపులో కుడివైపు ఆరు నిద్రపెట్టెలు. వందల ఏళ్ళ ప్రయాణంలో సిబ్బందిని మంచులో నిద్రపుచ్చారని, వాళ్ళలో కొందరు సరిగ్గా నిద్రపోలేదని కథ. పెట్టె మూతలు ఒక హోటల్లో సలాడ్ల మీద తుమ్మకుండా కప్పే వంపు తిరిగిన ప్లాస్టిక్ అద్దాలు. లోపల పడుకున్నవి బట్టల దుకాణం బొమ్మలు ఐదు, ఊపిరి ఊదడం నేర్చుకోడానికి మేం వాడిన పాత రబ్బరు బొమ్మ ఒకటి. ఆ రబ్బరు బొమ్మని దళంలో ప్రతివాడూ కనీసం నాలుగుసార్లు ముద్దుపెట్టుకుని ఉన్నాడు. అది అంతరిక్షానికి వెళ్ళిపోతుంటే మాకు కొంచెం వెలితిగానే అనిపించింది.

ఆగస్టు చివర్న నేనొకరోజు దీపాల తీగలు లాగుతూ నాలుగో పెట్టె దగ్గర ఆగాను. మిగతా ఐదు బొమ్మలకీ మెకానిక్కులు తొడుక్కునే బూడిదరంగు బట్టలున్నాయి. నాలుగోదానికి నీలం రంగు దూదిగౌను ఉంది. ముంజేతుల దగ్గర కాస్త వెలిసింది. కుడి జేబు కుట్టు ఊడితే వేరే రంగు దారంతో వేసి ఉంది. చలికాలం పొద్దున్నే చెత్తడబ్బా వీధి చివరికి లాక్కెళ్తూ ఆర్లీన్ ఆ గౌనులోనే మాకందరికీ చెయ్యి ఊపేది.

నేను వెర్న్ వైపు చూశాను. ఆయన రివెట్లు ఏరుకుంటున్నాడు.

"బూడిద బట్టలు ఐదు జతలే దొరికాయి," అన్నాడు.

నేను తీగ లాక్కుంటూ ఐదో పెట్టెకి వెళ్ళిపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తేలిందేమిటంటే, అప్పటికే దళంలో అందరూ ఒక్కొక్కరే చూశారు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

కొట్టం తెరిచే శుక్రవారానికి ముందు బుధవారం మధ్యాహ్నం తనిఖీ. జిల్లా తరపున లుయెల్లా ట్రెంట్ వస్తుంది. ఐదడుగుల మనిషి, జేబులో అగ్గిపెట్టె. కొట్టంలో ఉన్న ప్రతి వస్తువు నుంచీ చిన్న ముక్క కత్తిరించి, పటకారుతో పట్టుకుని, అగ్గిపుల్ల గీసి పన్నెండు క్షణాలు మంట పెడుతుంది. ముక్క అంటుకుంటే ఆ వస్తువు బయటికి. ఒక క్రిస్మస్‌కి బాప్టిస్టు చర్చిలో సాంటా గడ్డం ఆవిడ చేతిలో ఎలా ముగిసిందో ఇప్పటికీ పిల్లలు చెప్పుకుంటారు. మంటలార్పే దళం కొట్టమే కాలిందంటే ఆ అప్రతిష్ఠ ఎంతటిదో మాకు తెలుసు. అందుకని మేం గడ్డికీ, గుడ్డకీ, సాలెగూళ్ళకీ, శవాల జుట్టుకి సైతం మంట అంటని మందునీళ్ళు కొట్టి ఆరబెట్టుకుని వరసగా నిలబడ్డాం, బడి పిల్లల్లా.

ఆవిడ గంటన్నర కాల్చింది. ఏదీ అంటుకోలేదు. చివరికి ఓడలోకి వచ్చింది. రేకుని వేలితో తట్టి చూసి, మడతల మీద చెయ్యి నడిపించి, "ఎవరు చేశారిది?" అని అడిగింది. చూపించాం. ఆవిడ వెర్న్‌కి తల ఊపింది. మెచ్చుకోడానికి జిల్లా నియమావళిలో దానికి మించి చోటు లేదనుకుంటా.

నాలుగో పెట్టె మూత ఎత్తింది. "ఇదేమిటి?"

"గౌను," అన్నాడు వెర్న్.

"ఎవరిది?"

బెర్నడెట్ తన బూట్లు చూసుకుంది. చీఫ్ పైకప్పు చూశాడు.

"బొమ్మది," అన్నాడు వెర్న్.

లుయెల్లా ట్రెంట్ మా మొహాలు చూసింది, గౌను చూసింది. కత్తెర తీసి గౌను అంచు తిరగేసి, లోపలి కుట్టులోంచి, బయటికి కనపడని చోట, వేలంత పీలిక కత్తిరించింది. అగ్గిపుల్ల గీసింది. పన్నెండు లెక్కపెట్టడం అంత సేపు పడుతుందని నాకు అంతకుముందు తెలీదు. పీలిక నల్లబడింది, ముడుచుకుంది, అంటుకోలేదు.

"మూడుసార్లు ముంచాను," అన్నాడు వెర్న్. ఇరవై రెండు గేజి అని చెప్పిన గొంతుతోనే.

ఆవిడ రాసుకుంది. తర్వాత కొలతల చక్రం దొర్లించుకుంటూ ఓడ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది, మళ్ళీ తిరిగి వచ్చింది. మధ్యలో ఆగింది.

"మధ్యలో బయటికి దారి ఎక్కడ?"

చీఫ్ వెంటనే చెయ్యెత్తి చూపించాడు. "ఆర్లీన్ ఉంది కదండీ."

చూపించిన చోట నాలుగో పెట్టె ఉంది.

చీఫ్ చెయ్యి అలాగే కాసేపు ఉండి దిగింది. తర్వాత అందరం దూలం దగ్గరికి వెళ్ళి పటం చూశాం. పక్క గోడ మీద, మధ్యలో, గోరంత మేర తెల్ల రంగు పూసి ఉంది. దాని మీదుగా ఓడ గోడ గీత చక్కగా, అడ్డం లేకుండా పోయింది.

బెర్నడెట్ చెప్పింది. మే నెలలో పటం తీసిందట. అంతకు ముందు వారమే దళం సభ్యుల జాబితాలోంచి ఆర్లీన్ పేరు కొట్టెయ్యాల్సి వచ్చింది, అది తనే చేసింది. పటం విప్పితే మళ్ళీ ఆ పేరే. ఇది పట్టుకెళ్ళి వెర్న్ చేతిలో ఎలా పెట్టడం అని, పేరు మీద తెల్ల రంగు పూసింది. అక్కడ ఇరవై రెండేళ్ళుగా ఆ పేరు తప్ప తలుపు అని ఎవరూ రాయలేదు, తలుపు గుర్తు కూడా ఎవరూ గీయలేదు. పేరు పోవడంతో తలుపూ పోయింది. పాతికమంది మంటలార్పేవాళ్ళం ఐదు నెలలపాటు రోజూ ఆ పటం కింద నిలబడి కాఫీ తాగాం. బయటికి దారి లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

లుయెల్లా ట్రెంట్ తన మాట చెప్పింది. ఇంత పొడుగు ఇరుకుదారికి మధ్యలో తలుపు లేకపోతే జనాన్ని ఎక్కనివ్వడం కుదరదు. శుక్రవారం నాలుగింటికి మళ్ళీ వస్తాను, ముప్ఫై ఆరంగుళాల తలుపు, పైన వెలిగే గుర్తు ఉండాలి, లేదా ఓడ తాళంలో ఉండాలి. కొట్టం పక్కగోడకి ఉన్న తలుపు ఒక్కటే. అది సరిగ్గా నాలుగో పెట్టె వెనకాల ఉంది. ఆవిడ కారెక్కేముందు వెర్న్ దగ్గర ఆగి, పని చాలా బాగుందండీ అని మాత్రం అంది.

ఆవిడ వెళ్ళాక చీఫ్ వెర్న్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. అందరికీ వినపడేంత పక్కకి.

"చూడరా. ఓడకి తాళం వేసేద్దాం. జనం చుట్టూ తిరిగి బయట నుంచి చూసి పోతారు. అదీ బాగానే ఉంటుంది. పెట్టె జోలికి పోవద్దు. ఎవరూ ఏమీ అనుకోరు."

ముప్ఫై ఎనిమిదేళ్ళు సీలింగు వెనక పనిచేసినవాడి పని మొదటిసారి జనం చూడబోతుంటే, దాన్నీ మళ్ళీ మూసి ఉంచుదామంటున్నాడు, మంచి మనసుతోనే. లేకపోతే ఆ పెట్టె కొయ్యాలి. వెర్న్ ఏదంటే అదే చేద్దామని మేమంతా అనుకున్నాం, ఏదీ అనకపోతే బాగుండుననీ అనుకున్నాం.

వెర్న్ జేబులోంచి మడతకొలబద్ద తీసి, విప్పి, పెట్టె వెడల్పు కొలిచాడు.

"ముప్ఫై ఉంది. ఇంకో ఆరు కొయ్యాలి," అన్నాడు. "డ్రాయింగు ఇవ్వండి."

"ఏ డ్రాయింగు?" అన్నాడు చీఫ్.

"మార్చింది. దీంట్లో తలుపు లేదు. లేని తలుపు నేనెలా కొయ్యను?"

బెర్నడెట్ పటాన్ని దూలం మీద నుంచి ఊడదీసి, పనిబల్ల మీద పరిచి పెన్సిలు తీసుకుంది. గోడ గీతని చెరిపి, రెండు చిన్న గీతలు గీసి తలుపు చేసింది. పెన్సిలు అక్కడే ఆపింది.

"పక్కన ఏమని రాయను వెర్న్? 'బయటికి' అని రాసెయ్యనా?"

"ముందు ఏముండేది?"

ఆవిడ తెల్ల రంగు పూసిన చోటుని వేలితో రుద్దింది.

"ఏముండేదో అదే రాయి," అన్నాడు వెర్న్. "ఇంకేదైనా రాస్తే వీళ్ళకి అర్థం కాదు."

బెర్నడెట్ రాసింది. తెల్ల రంగు మీద పెన్సిలు సరిగా పడక రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. వెర్న్ పటాన్ని మళ్ళీ అవే నాలుగు మేకులతో దూలానికి కొట్టాడు. గడియారం చూసుకుంటే మూడున్నర దాటి పది నిమిషాలైంది. పనిముట్లు తుడిచి ఇంటికెళ్ళిపోయాడు.

గురువారం ఏడింటికి నేను సాయం వెళ్ళాను. బొమ్మని ఎత్తి బయట పెట్టాం. గౌను ఆయనే విప్పాడు, బొత్తాలు పైనుంచి కిందకి, ఒక్కొక్కటే. జేబులో చెయ్యి పెట్టి చూశాడు. పిప్పరమెంటు చుట్టిన కాగితం ఒకటి వచ్చింది. దాన్ని మళ్ళీ జేబులోనే పెట్టి, గౌను మడిచి పనిబల్ల చివర ఉంచాడు. తర్వాత రేకు కత్తెర తీసుకున్నాడు. నేను అంచు పట్టుకున్నాను. కొత్త రేకు కత్తిరిస్తున్నంత తీరుబడిగా కత్తిరించాడు. అది ఆయన నెల రోజులు మడిచిన పక్క.

కొంతసేపటికి అడిగాను. "వెనకాల తలుపుందని నీకు గుర్తులేదా?"

"ఎందుకు లేదు? ఇరవై రెండేళ్ళు దాని బందులకి నూనె వేసింది నేనే."

"మరి చెప్పలేదేం?"

కత్తెర ఇంకో అడుగు దూరం వెళ్ళింది. డ్రాయింగులో లేదు అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

"ఉంటే అక్కడ ఎవరో కూర్చోవాలి కదా," అన్నాడు. "పట్టుకో, జారుతోంది."

పట్టుకున్నాను. మధ్యాహ్నానికి పెట్టె వెనక పక్క పోయింది, కొట్టం పాత తలుపు కనపడింది, దాని బందులు చప్పుడు చెయ్యలేదు. వంపు అద్దం మూతని తలుపులా పక్కకి తెరుచుకునేలా బిగించాడు. కత్తిరించిన అంచుల్ని ఎవరికీ గీసుకోకుండా లోపలికి మడిచాడు. పైన ఎర్రగా వెలిగే గుర్తు పెట్టాడు. మూడున్నరకి ముందే అయిపోయింది. మిగిలిన సమయం ఊడ్చాడు.

శుక్రవారం నాలుగింటికి లుయెల్లా ట్రెంట్ వచ్చి, తలుపు మూడుసార్లు తీసి మూసి, కాగితం మీద ముద్ర కొట్టి, ఆరింటికి తెరుచుకోండి అంది. సంతకాలయ్యాక టికెట్టు కొనుక్కుంది. ఉద్యోగ ధర్మంగా కాదు, చూద్దామని.

ఆ హడావిడిలో మాకు ఇంకో సంగతి తట్టలేదు. ఎవరెక్కడ నిలబడాలో రాసిన జాబితా తలుపు లేనప్పటిది. ఆర్లీన్ దగ్గర ఎవరు కూర్చోవాలో ఎవరూ రాయలేదు. ఆరు గంటలకి జనం వరస రోడ్డు దాకా వెళ్ళాక బెర్నడెట్‌కి గుర్తొచ్చి, టికెట్ల డబ్బా నా చేతిలో పెట్టి కొట్టం పక్కకి పరిగెత్తింది. డబ్బా ఇంకొకరికి అంటగట్టి, రంపం పట్టుకునే నేనూ వెనకాలే వెళ్ళాను.

బెంచీ మీద వెర్న్ కూర్చుని ఉన్నాడు. పక్కన ఆపిల్ రసం పాత్ర పొగలు కక్కుతోంది, కాగితం గ్లాసులు దొంతరగా ఉన్నాయి. నల్లబల్ల తుడిచి ఉంది. ఆర్లీన్ తన కోటు తగిలించే మేకుకి నీలం గౌను వేలాడుతోంది. బెర్నడెట్ ఆయన పక్కన కాస్త సేపు కూర్చుని, లేచి టికెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను కదిలేలోపే తలుపు తెరుచుకుంది. మొదటి మనిషి వచ్చింది. ముప్ఫై ఏళ్ళావిడ, స్నేహితురాళ్ళతో వచ్చినట్టుంది, చేతుల్లేని జాకెట్టు, అక్టోబరు చలి. పళ్ళు టకటకలాడుతున్నాయి. మా రబ్బరు బొమ్మ లేచి కూర్చుందని చెప్పడానికి ప్రయత్నిస్తోంది గాని మాట రావట్లేదు. వెర్న్ గ్లాసు నింపి అందించాడు. ఆవిడ చెయ్యి వణికి సగం ఒలికింది. ఆయన ఇంకో గ్లాసు నింపాడు. అప్పటికీ వణుకు తగ్గలేదు. వెర్న్ మేకు వైపు చూశాడు. కొలత సరిపోతుందా లేదా అని చూస్తున్నవాడిలా కాసేపు చూశాడు. లేచి గౌను తీసి ఆవిడ భుజాల మీద వేశాడు.

ఆవిడ గౌనులో ముడుచుకుని రసం తాగింది. వెర్న్ నవ్వలేదు, గ్లాసులో ఇంకా ఉంది. తాగడం అయ్యాక ఆవిడ చేతులు జేబుల్లో దూర్చుకుంది. కాగితం చప్పుడైంది. తలెత్తి, "ఇది ఎవరిదండీ?" అని అడిగింది.

వెర్న్ ఖాళీ గ్లాసు తీసుకుని చూశాడు. అది నవ్వాల్సిన సమయం. నవ్వడం ఆయనకి రాలేదు, కానీ ప్రయత్నించినట్టు మాత్రం మొహం కాస్త కదిలింది.

"మూడుసార్లు ముంచాను," అన్నాడు. "మంట అంటుకోదు. కాసేపు ఉంచుకోండి."

తర్వాత సుద్దముక్క తీసుకుని, కొలబద్ద ఆనించి, నల్లబల్ల మీద ఒక గీత గీశాడు. నాలుగంగుళాలు, నిలువుగా. లోపల రంపం కోసం ఎవరో నా పేరు పెట్టి అరుస్తుంటే నేను వెళ్ళిపోయాను.